బీరువాలో దాచిన పరుపు

అనంతపురం నుంచి ఒక టీచరమ్మ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆ ఉత్తరాన్ని కుదించి ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు 47 ఏళ్ళు. మూడేళ్ళుగా ఉగాదికి ముందు చెల్లెలితోనూ వీధిలోని నలుగురు ఆడవాళ్ళతోనూ కలిసి ఆత్మకూరు పక్కన వెంకటాపురం నుంచి నల్లమల అడవిదారిలో శ్రీశైలానికి నడిచి వెళ్తున్నారు. నడక ఆమెను ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బందంతా రాత్రి పడకతోనే. కింద ఒక జంపఖానా, మీద ఒక దుప్పటి, అంతే తీసుకెళ్తారు. పక్కకు తిరిగి పడుకుంటే తప్ప ఆమెకు నిద్ర పట్టదు. తెల్లవారేసరికి కిందివైపు తుంటి నొప్పి, చేయి తిమ్మిరి. పోయిన ఉగాదికి ఆన్‌లైన్‌లో 900 రూపాయలు పెట్టి గాలి పరుపు కొన్నారు. పెచ్చెరువు దగ్గర అర్ధరాత్రికల్లా గాలి మొత్తం పోయి అది నేలకు అతుక్కుపోయింది. ఇంటికొచ్చి చెబితే భర్త అన్న మాట: "మా నాయన, మా తాత కటికనేల మీద పడుకుని బతకలేదా? దేవుని దగ్గరికి పోయేటప్పుడు కూడా పరుపులు కావాల్నా?"

ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు డిసెంబరు సెలవుల్లో తల్లిని ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌కు తీసుకెళ్తానంటోంది. సాంక్రి ఊళ్ళో ఒక గైడును మాట్లాడుకుని, సొంత టెంట్లతో వెళ్తారట. ఆ పిల్లే ఒక గాలి మ్యాట్ ఎంచి పెట్టింది. ఏడున్నర సెంటీమీటర్ల మందం, అర కిలో బరువు, కింది చలిని ఎంత ఆపుతుందో చెప్పే ఆర్ వాల్యూ 4.5, ధర 14 వేలు. ఈమె తన జీతంతోనే కొన్నారు. పార్సిల్‌ను మాత్రం స్కూలుకు తెప్పించుకుని స్టాఫ్ రూమ్ బీరువాలో పెట్టి తాళం వేశారు. "పాతికేళ్ళ కాపురంలో మా వారికి చెప్పకుండా నేను కొన్న మొదటి వస్తువు ఇది. రోజూ ఆ బీరువా చూస్తే టెన్షన్‌గా ఉంటోంది. నెలలోపు వాపసు పంపవచ్చు. పది రోజులు అయిపోయాయి. ఉంచుకోవాలా, పంపేయాలా? ఉగాది నడకకు కూడా ఇది పనికొస్తుందా? ఇన్ని వేలు పెట్టి నిద్ర కొనుక్కోవడం నాలాంటిదానికి తగునా?" అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది చివరి ప్రశ్న. దానికి తప్పకుండా వస్తాను. ముందు మీ తుంటి సంగతి, ఆ రెండు నేలల సంగతి మాట్లాడుకుందాం. అవి తేలితే మిగతా ముడులు వదులవుతాయని నా నమ్మకం.

మీరు ఒకే మ్యాట్ గురించి అడిగారు గానీ, మీరు పడుకోబోయే నేలలు రెండు. వాటికి పోలికే లేదు. ఉగాది నాటికి నల్లమలలో రాత్రి కూడా ఉక్కగానే ఉంటుంది. పగలంతా ఎండకు కాగిన నేల తెల్లవారేదాకా వెచ్చగానే ఉంటుంది. అక్కడ మీ కష్టమంతా ఒత్తిడి వల్ల వచ్చింది. నేల గట్టిది, తుంటి ఎముక గట్టిది, రెండింటికీ మధ్య అర అంగుళం కూడా లేదు. కేదార్‌కంఠ అలా కాదు. శిఖరం దాదాపు 12,500 అడుగుల ఎత్తు. డిసెంబరు చివరికి టెంటు మంచు మీదే వేయాల్సి రావచ్చు, రాత్రి చలి సున్నాకు బాగా కిందికి దిగుతుంది. ఆ నేల ఒంట్లో వేడిని లాగేస్తుంది. అంటే ఒకచోట మీకు మెత్తదనం కావాలి, రెండోచోట మెత్తదనంతో పాటు వెచ్చదనమూ కావాలి. ఈ రెండూ వేరువేరు గుణాలు. మెత్తగా ఉన్నదల్లా వెచ్చగా ఉండదు. మ్యాట్ కొనేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మంచి స్లీపింగ్ బ్యాగు ఉంటే చాలదా అని మీకు అనిపించవచ్చు. చాలదు. బ్యాగులోని దూదో ఈకలో మనల్ని వెచ్చగా ఉంచేది తమలో గాలిని పట్టి ఉంచడం వల్ల. మనం మీద పడుకోగానే వీపు కింది భాగం నలిగి కాగితంలా అయిపోతుంది, అందులో గాలి మిగలదు. ఇక కింది చలిని ఆపాల్సింది మ్యాట్ ఒక్కటే. అదెంత ఆపుతుందో చెప్పే అంకె పేరే ఆర్ వాల్యూ. ఎంత ఎక్కువుంటే అంత వెచ్చన. ఒకప్పుడు ఏ కంపెనీ కొలత దానిదే. ఒకరి నాలుగుకూ ఇంకొకరి నాలుగుకూ సంబంధం ఉండేది కాదు. 2018లో ఏఎస్‌టీఎమ్ ఎఫ్3340 అని ఒక ప్రామాణిక పరీక్ష వచ్చింది. వేడి పలకకూ చల్లని పలకకూ మధ్య మ్యాట్‌ను పెట్టి, వేడి పలకను ఒకే వేడిలో ఉంచడానికి ఎంత కరెంటు పడుతోందో కొలుస్తారు. మీ పెట్టె మీద 4.5 అంకెతో పాటు ఈ పరీక్ష పేరు కూడా ఉందేమో చూడండి. ఉంటే ఆ అంకెను నమ్మవచ్చు.

ఆ అంకెను ఎలా అర్థం చేసుకోవాలంటే, మన సీమ వాతావరణానికి ఒకటి, ఒకటిన్నర ఉన్నా చాలు. కొండ ప్రాంతాల్లో వానాకాలం వెళ్ళాక వచ్చే చలికి రెండు నుంచి నాలుగు కావాలి. మంచు మీద పడుకోవాలంటే నాలుగున్నర, ఐదు, ఆపైన. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు పడుకున్నప్పుడు చలి ముందుగా తెలుస్తుంది. స్లీపింగ్ బ్యాగుల మీద వేసే "కంఫర్ట్" ఉష్ణోగ్రతను ఆడవాళ్ళను దృష్టిలో పెట్టుకునే లెక్కగడతారు. అందుకని కూతురి స్నేహితుల్లో ఎవరైనా "నాకు మూడు సరిపోయింది ఆంటీ" అంటే ఆ మాట మీద కొనకండి.

మీ అమ్మాయి ఎంచినది తెలివైన ఎంపికే. 4.5 కేదార్‌కంఠకు అంచు మీద ఉంటుంది. ఇంకొంచెం కావాలి. అది ఎలా తెచ్చుకోవాలో కింద చెబుతాను, ఖర్చు పెద్దగా కాదు.

ఇక ఆ 900 రూపాయల పరుపు. గాలి పోయింది కాబట్టి అది చెడ్డదని మీరు అనుకున్నారు. గాలి పోకపోయినా అది మంచులో మిమ్మల్ని కాపాడేది కాదు. లోపల ఏమీ లేని ఖాళీ గాలి సంచిలో గాలి కదులుతూనే ఉంటుంది. ఒంటి వెచ్చదనాన్ని కిందికీ, నేల చలిని పైకీ మోస్తుంది. పది సెంటీమీటర్ల మందమున్నా ఆర్ వాల్యూ ఒకటి దగ్గరే ఉండవచ్చు. చలికని చేసిన గాలి మ్యాట్లలో లోపల దూదిలాంటి పొరో, వేడిని తిప్పికొట్టే మెరుపు రేకో, గాలిని చిన్నచిన్న గదులుగా విడదీసే అరలో ఉంటాయి. మీరు కొన్న 14 వేలలో ఎక్కువ భాగం దానికే. పెట్టె మీద ఆర్ వాల్యూ అసలు రాయలేదంటే అది చలికి చేసినది కాదనుకోవడం క్షేమం.

గాలి పోవడానికి కారణం నేను ఊహించగలను, ఎందుకంటే అది నాకూ జరిగింది. ఒక జనవరిలో గండికోటలో, పెన్నా లోయ అంచుకు కాస్త ఇవతల, చదునుగా కనిపించిన చోట మ్యాట్ పరిచాను. చీకట్లో చేత్తో నేల తడిమి చూశాను గానీ, తడిమిన చోట దొరకనిది పడుకున్న చోట దొరికింది. ఒకే ఒక్క పల్లేరు ముల్లు. రెండు గంటలకు లేచేసరికి నా వీపు బండను తాకుతోంది. మీకు పల్లేరు కాయల గురించి నేను చెప్పక్కర్లేదు, అనంతపురంలో సైకిల్ తొక్కిన ప్రతి పిల్లకూ తెలుసు. తుమ్మ ముల్లు కంటికి కనబడుతుంది. పల్లేరు కనబడదు, మన చెప్పుల అడుగుకు గుచ్చుకుని మనతో పాటే టెంటులోకి వస్తుంది. హిమాలయాల్లో మంచు మీద గాలి మ్యాట్‌కు ఇంత భయం లేదు. మన నేల మీదే ఉంది. ఇది మీ రెండో ప్రశ్నకు సగం జవాబు.

మిగతా సగం ఉగాది నడక తీరులో ఉంది. మీరూ ఆ దారిలో నడిచారు కాబట్టి తెలుసు. నాగలూటి దగ్గరో భీముని కొలను దగ్గరో ఆగితే, నీడ దొరికిన చోట సంచి దించి, ఏదో ఒకటి పరిచి, పది నిమిషాలు నడుం వాల్చి, అన్నం తిని లేస్తాం. రోజుకు నాలుగైదు సార్లు పరుస్తాం, నాలుగైదు సార్లు చుడతాం. రాత్రి పక్కపక్కనే వందల మంది పడుకుంటారు. ఎవరి కాలు ఎవరి పడక మీద పడుతుందో తెలియదు. అక్కడ ఊదాల్సిన మ్యాట్, ముల్లు తగిలితే చచ్చే మ్యాట్, కదిలినప్పుడల్లా చిప్స్ ప్యాకెట్‌లా చప్పుడు చేసి పక్కామెను లేపే మ్యాట్ మీ స్నేహితురాలు కాలేదు. 14 వేల వస్తువును అక్కడికి తీసుకెళ్తే మీరు నిద్రపోరు, దానికి కాపలా ఉంటారు.

ఉగాదికి నేను చెప్పేది ఫోమ్ మ్యాట్. మడత పెట్టేదో చుట్టేదో, ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల మందం, అర కిలో లోపు బరువు. ముల్లు గుచ్చుకున్నా ఏమీ కాదు, తీసి పారేయడమే. నీళ్ళు తాగదు. సంచి బయట కట్టుకోవచ్చు. ధర కొన్ని వందల నుంచి రెండు వేల లోపు. అయితే దాన్ని అలాగే పరుచుకుంటే మీ తుంటి నొప్పి పూర్తిగా పోతుందని చెప్పను. పక్కకు తిరిగి పడుకునేవాళ్ళ బరువంతా భుజం మీద, తుంటి మీద రెండు చోట్ల నిలుస్తుంది. వెల్లకిలా పడుకునేవాళ్ళకు చాలే రెండు సెంటీమీటర్లు మీకు చాలవు. అందుకని ఒళ్ళంతా మందం పెంచకుండా తుంటి దగ్గర మాత్రమే పెంచండి. ఇంకో చవక ఫోమ్ షీటు కొని అందులో మూరెడు ముక్క కత్తిరించుకోండి. తుంటి వచ్చే చోట ఆ ముక్కను రెండు మడతలు వేసి మ్యాట్ కింద పెట్టండి. పగలు అదే ముక్క కూర్చోవడానికి పీట అవుతుంది. ఆ పైన పాత చీరలతో కుట్టిన పల్చని బొంత ఒకటి. చెమటకు ఫోమ్ ఒంటికి అంటకుండా బొంత ఆపుతుంది.

చేయి తిమ్మిరికి మ్యాట్‌ను తప్పు పట్టకండి. తలగడ లేక చేతినే తలగడ చేసుకోవడం వల్ల అది వచ్చి ఉంటుంది. మీరు తీసుకెళ్ళిన బట్టలను ఒక గుడ్డసంచిలో కుక్కి, భుజానికీ చెవికీ మధ్య ఖాళీ నిండేంత ఎత్తు పెట్టుకోండి. రెండు మోకాళ్ళ మధ్య చుట్టిన దుప్పటి పెట్టుకుంటే పై కాలు బరువు తుంటిని లాగకుండా ఉంటుంది. ఇంట్లో మంచం మీద పడుకున్నా ఆ నొప్పి ఉందా అన్నది మీరు రాయలేదు. ఉంటే, మెట్లెక్కేటప్పుడు, ఆ పక్కకు ఒత్తిగిల్లినప్పుడు వస్తోంటే, డిసెంబరు దాకా ఆగకుండా ఎముకల డాక్టరుకు చూపించండి. నలభై దాటిన ఆడవాళ్ళలో తుంటి పక్క ఎముక మీద నొప్పి తరచుగా కనిపించేదే, దానికి వ్యాయామాలతో మంచి ఫలితం ఉంటుంది. దాన్ని మ్యాట్ మీదికి నెట్టేసి ఊరుకోవద్దు. చేతి తిమ్మిరి ఇంట్లోనూ వస్తుంటే అదీ చెప్పండి.

ఇప్పుడు బీరువాలోని దాని సంగతి. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. దేని మంచీ చెడూ దానికున్నాయి.

ఉంచుకుంటే, కేదార్‌కంఠలో మీ తుంటికి అంతకంటే సుఖమైనది దొరకదు. ఏడున్నర సెంటీమీటర్ల మందంలో పక్కకు తిరిగి పడుకున్నా ఎముక నేలను తాకదు. అర కిలో బరువు కాబట్టి ఆ ఎత్తులో మీ భుజాలూ సంతోషిస్తాయి. కానీ ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఉగాదికి కొన్న ఫోమ్ మ్యాట్‌ను దాని కింద వేయండి. ఆర్ వాల్యూలో ఒక చక్కని గుణం ఉంది, ఒకదాని మీద ఒకటి వేస్తే రెండు అంకెలూ కలుస్తాయి. ఫోమ్‌ది ఒకటిన్నర అనుకున్నా, 4.5తో కలిపి ఆరు. మంచుకు అది నిబ్బరమైన అంకె. పైగా ఏ అర్ధరాత్రో గాలి పోయినా కింద ఫోమ్ ఉంటుంది. మైనస్ డిగ్రీల్లో అది సుఖం మాట కాదు, ప్రాణం మాట. ఈ దారిలో లోటు ఏమిటంటే మోత కొంత పెరుగుతుంది. జాగ్రత్తా నేర్చుకోవాలి. నోటితో ఊదితే ఊపిరిలోని తడి లోపల చేరుతుంది, చలికి గడ్డకడుతుంది, ఇంటికొచ్చాక బూజు పడుతుంది. ఆ ఎత్తులో ఇరవై సార్లు గట్టిగా ఊదితే కళ్ళు తిరుగుతాయి కూడా. పెట్టెలో పంపు సంచి ఉందేమో చూడండి. లేకపోతే విడిగా కొనండి. సాయంత్రం గట్టిగా నింపిన మ్యాట్ రాత్రికి మెత్తబడితే పంక్చరు అయిందని కంగారు పడకండి. చల్లబడిన గాలి ముడుచుకుంటుంది, అంతే. పడుకునే ముందు ఇంకొంచెం నింపితే సరి.

పంపేస్తే, రెండో దారి. ఆ డబ్బులో సగం లోపు పెట్టి తనంతట తానే గాలి పీల్చుకునే మ్యాట్ కొనవచ్చు. దీని పుట్టుక నాకు చాలా ఇష్టం. 1970ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో బోయింగ్ విమాన కంపెనీలో ఉద్యోగం పోయిన ఇంజనీర్లు ఉండేవారు. వాళ్ళలో ఒకాయన తోటపని చేస్తూ మోకాళ్ళ కింద ఫోమ్ ముక్క వేసుకున్నాడు. మోకాలు ఆనించినప్పుడల్లా ఫోమ్‌లోంచి గాలి బయటికి పోవడం గమనించాడు. ఆ గాలిని పోనివ్వకుండా మూసేస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. థర్మారెస్ట్ అనే పేరు అలా పుట్టింది. లోపల స్పాంజి, పైన గాలి చొరని గుడ్డ, ఒక మూల వాల్వు. వాల్వు తిప్పితే స్పాంజి విచ్చుకుంటూ గాలిని తానే లాక్కుంటుంది. మీరు చివర రెండు మూడు ఊపిర్లు ఊదితే చాలు. ముల్లు గుచ్చుకున్నా స్పాంజి ఉంటుంది కాబట్టి కటికనేల తగలదు. అటు ఉగాదికీ ఇటు కొండకూ ఒకటే మ్యాట్ అయిపోతుంది. లోటు బరువు. మీకు కావలసినంత మందం, అంటే ఐదు సెంటీమీటర్లున్నది, కిలో దాకా తూగుతుంది. చుట్టినా లావుగా ఉంటుంది. కొండ కోసం కొనేటప్పుడు ఆర్ వాల్యూ చూసి కొనాలి, తక్కువున్నదైతే మళ్ళీ ఫోమ్ కలపాలి. మీరు ఒకటే వస్తువుతో సరిపెట్టుకునే మనిషైతే, వస్తువులను చూసుకోవడం విసుగైతే, ఇది మీకు నచ్చుతుంది.

మూడోది, ఏదీ కొనకుండా అద్దెకు తీసుకోవడం. ట్రెక్కులు నడిపేవాళ్ళు చాలామంది టెంటుతో పాటు ఫోమ్ మ్యాట్ కూడా ఇస్తారు. మీ గైడును ఒక్క ఫోను చేసి అడగండి. ఒక్కొక్కరికి రెండేసి ఫోమ్ మ్యాట్లు ఇవ్వగలిగితే చలి చాలావరకు ఆగుతుంది. మీ తుంటి మాత్రం ఊరుకోదు. వరుసగా నాలుగు రాత్రులు నిద్ర లేకుండా కొండ ఎక్కడమంటే ఐదోరోజు దిగేటప్పుడు మోకాళ్ళు తడబడతాయి. మీరు ఈ ఒక్క ట్రెక్‌తో ఆపేసేట్టయితే అద్దె న్యాయమైన లెక్కే, దాన్ని కాదనను. ఆపరనిపిస్తోంది. ఉత్తరంలో రెండుచోట్ల "వచ్చే ఏడు వేరే కొండకు" అని రాశారు, మీరు గమనించారో లేదో.

నన్నడిగితే మొదటి దారి వైపే మొగ్గుతాను, ఆ ఫోమ్ మ్యాట్‌ను తోడు చేసుకుని. అయితే పంపేయడమా ఉంచుకోవడమా అన్నది ఈ వారంలోనే, మీ ఒంటినే అడిగి తేల్చుకోండి. అందుకు పార్సిల్ బీరువాలోంచి బయటికి రావాలి. ఇంటికి తెచ్చి, గదిలో శుభ్రమైన దుప్పటి మీద పరిచి, పెద్దగా వాడకుండానే ఒక గంట పడుకుని చూడండి. వాడిన గుర్తులుంటే వాపసు తీసుకోకపోవచ్చు కాబట్టి జాగ్రత్త. ముందు పూర్తిగా నింపండి. పక్కకు తిరిగి పడుకుని కొంచెం కొంచెంగా గాలి వదలండి. తుంటి కాస్త దిగాలి, కింద తగలకూడదు. అమ్మాయినో చెల్లెలినో తుంటి కింద చేయి దూర్చి చూడమనండి. చేయి నలగకుండా దూరిందంటే అదే మీ కొలత. చాలామంది బెలూన్‌లా బిగించి పడుకుని "గాలి మ్యాట్ గట్టిగా ఉంది" అంటారు. ఇంకొకటి, వెడల్పు చూడండి. మామూలు మ్యాట్ 51 సెంటీమీటర్లే ఉంటుంది. నిద్రలో అటూ ఇటూ దొర్లే అలవాటుంటే మోచేయి, మోకాలు మంచు మీదికి జారతాయి. అలాంటివాళ్ళకు 64 సెంటీమీటర్లవి కూడా ఉన్నాయి. వాపసు గడువు లోపలే మార్చుకోవచ్చు. పొడవులో మాత్రం మీరు పొట్టివారైతే చిన్న సైజు తీసుకుని బరువు తగ్గించుకోండి. ఉంచుకోవాలని తేల్చుకున్నాక అసలు పరీక్ష మిద్దె మీద. ఒక రాత్రి మొత్తం పడుకోండి. గంట నిద్రలో తెలియనిది రాత్రి నిద్రలో తెలుస్తుంది.

ఇంటికి తెస్తే మీ వారు చూస్తారు. అసలు సంగతికి వచ్చాం.

"మా తాత కటికనేల మీద పడుకున్నాడు" అన్న మాటను నేను చాలా ఇళ్ళల్లో విన్నాను. ఆ మాట నిజం కాదమ్మా. మన తాతలు కటికనేల మీద పడుకోలేదు. కళ్ళంలో కాపలాకు పోతే కింద వరిగడ్డి పరిచి, దాని మీద గొంగడి వేసుకున్నారు. గొర్రెల వెంట కొండల్లో తిరిగే కురుబవాళ్ళ భుజాన ఉన్ని కంబళి లేని రోజు లేదు. కింద వేసుకున్నదీ అదే, పైన కప్పుకున్నదీ అదే, వానకు తలమీద గొడుగూ అదే. ఎండాకాలం మిద్దె మీద ఈతచాప, చలికాలం వసారాలో బొంత. ఏ నేలకు ఏది పరవాలో, ఏ కాలంలో ఎంత మందం కావాలో వాళ్ళకు తెలుసు. గడ్డి చేసే పనీ కంబళి చేసే పనీ ఒకటే, గాలిని పట్టి ఉంచి ఎముకకూ నేలకూ మధ్య అడ్డు నిలవడం. మీ మ్యాట్ చేసేదీ అంతే. కంబళి మంచులో కూడా పనిచేస్తుంది, కాకపోతే ఆ ఎత్తుకు దాని బరువు మోయలేరు. అర కిలోలో ఆ పని చేయించుకోవడానికే ఇంత ఖర్చు. మీ ఇంట్లో అత్తమ్మ ఉన్నారని రాశారు. మీ వారి ఎదురుగా ఆమెనే అడగండి, చేలో పడుకున్నప్పుడు కింద ఏం వేసుకునేవాళ్ళని. మీకంటే ఆమె బాగా చెబుతారు.

ఆయన ముందు ఎలా మాట్లాడాలన్నది మీ సంసారం, మీకే తెలుసు. నాకు కనిపించినవి చెబుతాను. ఇప్పుడే, వాపసు గడువు ఉండగానే చెబితే, ఆయన కోపం వస్తువు మీద ఉంటుంది, "ఉంచుకోవాలా వద్దా నువ్వే చూడు" అని ఆయన్ని కూడా ఆ మ్యాట్ మీద పడుకోబెట్టవచ్చు. గడువు దాటాక తెలిస్తే దాచారన్నదే మిగులుతుంది, 14 వేలు చిన్నదైపోతుంది. ట్రెక్‌కు ముందు రోజు బయటపడితే మీ అమ్మాయి కూడా అందులోకి లాగబడుతుంది, "నువ్వే మీ అమ్మకు నేర్పించావు" అనే మాట ఆ పిల్ల పడాలి. అసలు చెప్పకుండా ఉండిపోవచ్చు కూడా. అద్దెకు తెచ్చామనో, అమ్మాయి కొనిచ్చిందనో అనవచ్చు. కొందరు అలాగే నెట్టుకొస్తారు. కానీ బీరువా చూస్తేనే టెన్షన్ అని రాసిన మనిషి అబద్ధం వీపు కింద పరుచుకుని నిద్రపోగలదా? మీ ఉత్తరం చదివిన నాకైతే పోలేరనిపించింది.

ఇంకో మాట కూడా ఆలోచించండి. ఆయన ఎగతాళి చేసింది పరుపునేనా? అనంతపురం దాటి, రైళ్ళు మారి, మంచు కొండ మీద భార్య టెంటులో పడుకుంటుందంటే ఆయనకు భయం ఉండవచ్చు. మన మగవాళ్ళలో చాలామందికి భయాన్ని భయంగా చెప్పడం రాదు, డబ్బు మాటగానో తాతల మాటగానో చెబుతారు. గైడు ఎవరో, ఎన్ని రాత్రులో, చలి ఎంతో, ఈ మ్యాట్ ఎందుకో కాగితం మీద రాసి కూర్చోబెట్టి చెప్పండి. భయమే అయితే తగ్గుతుంది. డబ్బే అయితే, అది మీ జీతమని మీరు నెమ్మదిగా గుర్తుచేయవచ్చు.

నిద్ర కొనుక్కోవడం మీలాంటిదానికి తగునా అని అడిగారు. పాతికేళ్ళు పొద్దున్నే లేచి ఇంటిపని చేసి, స్కూల్లో రోజంతా నిలబడి పాఠం చెప్పిన మనిషి తన తుంటి కింద మూడంగుళాల గాలి కోసం అనుమతి అడగాల్సి రావడం నన్ను బాధపెట్టింది. మీకు తగుతుంది. దేవుడి దగ్గరికి వెళ్ళే దారిలోనూ తగుతుంది. శ్రీశైలానికి నడిచేవాళ్ళ సుఖం కోసమే గదా, పూర్వం ఆ కొండకు మెట్లు కట్టించారు రెడ్డిరాజులు.

ఈ ఆదివారం ఇంకో చిన్న పని చేయండి. మ్యాట్ ఉంచుకుంటే దానితో వచ్చిన అతుకుల ప్యాకెట్ ఎక్కడుందో చూసుకోండి, సంచిలో అదీ ఒక చిన్న సబ్బుముక్కా వేసుకోండి. గాలి పోతోందని అనుమానం వస్తే సబ్బునీళ్ళు రాయండి, బుడగలు వచ్చిన చోట రంధ్రం ఉంటుంది. ఆరబెట్టి అతుకు వేయాలి. తడి మీద వేస్తే నిలవదు. ట్రెక్ నుంచి వచ్చాక వాల్వు తెరిచి, నీడలో బాగా ఆరనిచ్చి, మడవకుండా అటక మీద పరిచి పెట్టండి. ఫోమ్ ముక్కను మాత్రం సంచిలోంచి తీయకండి, ఉగాదికి కావాలి.